సెయిలింగ్ కయాక్‌కు అవుట్‌రిగ్గర్ చేతులు ఊడకుండా బిగించడం ఎలా

అమెరికాలోని టెక్సస్ తీరాన ఉన్న గాల్వెస్టన్ బే అనే అఖాతంలో మధ్యాహ్నం దాటాక ఆగ్నేయం నుంచి గాలి లేస్తుంది. బే చాలా చోట్ల రెండు, రెండున్నర మీటర్ల లోతే. లోతులేని నీటి మీద గాలి పడితే అలలు పొట్టిగా, నిటారుగా లేచి ఒకదాని వెనక ఒకటి తగులుతాయి. అలాంటి అలల్లోనే ఒకరోజు చాప కట్టిన నా కయాక్ (తెడ్డుతో కూడా నడిపే సన్నటి పడవ) ఎడమ ఫ్లోటు, అంటే పడవ ఒరిగిపోకుండా పక్కన అడ్డ పైపు చివర ఉండే తేలుడు భాగం, ఊడిపోయింది. పైపు విరగలేదు, వంగను కూడా లేదు. అది దూరి ఉండే సాకెట్‌లోంచి జారి బయటికొచ్చేసింది. దాన్ని పట్టి ఉంచాల్సిన స్ప్రింగ్ బటన్ ఇసుక పట్టి సగమే పైకి లేచి ఉందని ఒడ్డుకు చేరాక చూశాను. ఆ ఒక్క బటన్ తప్ప ఆ అడ్డ పైపును, అంటే అవుట్‌రిగ్గర్ చేతిని, పడవకు పట్టి ఉంచేది ఇంకేమీ లేదు. నీళ్లు ఛాతీ లోతే కాబట్టి పడవను నడిపించుకుంటూ ఒడ్డుకు తెచ్చాను. అదే నడి బేలో అయితే పరిస్థితి వేరుగా ఉండేది.

అప్పటి నుంచి నా పడవకూ, స్నేహితుల పడవలకూ చేతులు బిగిస్తున్నప్పుడు ఒకే లెక్క పెట్టుకున్నాను. చెయ్యి మధ్యలో విరగడం అరుదు, ఊడేది అతుకు దగ్గరే. అందుకే ప్రతి అతుకునూ మూడు ప్రశ్నలు అడగాలి. ఇది బయటికి జారుతుందా? గుండ్రంగా తిరుగుతుందా? పైకి లేస్తుందా? మూడింటికీ జవాబు దొరికాక నాలుగోది: మొదటి పట్టు పోతే రెండోది ఏది? రెండో పట్టు మొదటిదాని మీద ఆధారపడకూడదు. ఒకే పిన్నుకు రెండు రింగులు వేస్తే అది రెండు పట్లు కాదు.

మాటల సంగతి కూడా చెప్పుకుందాం. కయాక్ వాళ్లు ఫ్లోటును అమా అనీ, దాన్ని పట్టుకునే అడ్డ పైపును ఆకా అనీ అంటారు. ఇవి పసిఫిక్ దీవుల నుంచి వచ్చిన మాటలు. హవాయిలో అడ్డ చేతిని ఇయాకో అంటారు. నేను ఇక్కడ ఫ్లోటు, చెయ్యి అనే రాస్తాను.

ముందు లెక్క: ఏ కట్టు మీద ఎంత బరువు పడుతుంది

దీన్ని దాటేసి నేరుగా డ్రిల్లు తీసేవాళ్లే ఎక్కువ. దయచేసి అలా చేయకండి. పది నిమిషాల పని, మొత్తం పని దీని మీదే నిలుస్తుంది.

నా పడవ కొలతలతో చెబుతాను, మీవి పెట్టుకుని మళ్లీ లెక్క వేసుకోండి. పాలీఎథిలీన్ ప్లాస్టిక్ కయాక్, పైన కూర్చునే రకం, వెడల్పు 76 సెం.మీ. ఫ్లోటు ఒక్కొక్కటి 25 లీటర్లు. పడవ నడిమి గీత నుంచి ఫ్లోటు 120 సెం.మీ. దూరంలో ఉంది. ముందు ఒక చెయ్యి, వెనక ఒక చెయ్యి. రెండూ ఈ పక్క నుంచి ఆ పక్కకు వెళ్తాయి.

గాలి చాపను ఒరగదీస్తే గాలి పోయే వైపు ఫ్లోటు నీళ్లలోకి దిగుతుంది. పూర్తిగా మునిగితే నీళ్లు దాన్ని సుమారు 25 కిలోల బలంతో పైకి తోస్తాయి. అప్పుడు చెయ్యి తూకం కర్రలా పనిచేస్తుంది. అవతలి అంచు మీద ఆనుకుని, ఇవతలి అంచు దగ్గరి కట్టును పైకి పీకుతుంది. కట్లు రెండు అంచుల దగ్గరా, అంటే 76 సెం.మీ. ఎడంగా ఉన్నాయనుకుందాం. అవతలి అంచు నుంచి ఫ్లోటుకు 158 సెం.మీ., ఇవతలి కట్టుకు 76 సెం.మీ. 158ని 76తో భాగిస్తే 2.08. అంటే ఇవతలి వైపు కట్ల మీద ఫ్లోటు బలానికి రెట్టింపు, దాదాపు 52 కిలోలు పడుతుంది. రెండు చేతులు పంచుకుంటే ఒక్కో కట్టుకు 26 కిలోలు.

ఇప్పుడు అవే కట్లను సౌకర్యంగా ఉందని సీటు దగ్గరికి, 40 సెం.మీ. ఎడానికి తెచ్చారనుకోండి. 140ని 40తో భాగిస్తే 3.5. అదే ఫ్లోటు, అదే గాలి, కానీ కట్ల మీద లాగుడు 52 నుంచి 87 కిలోలకు పెరిగింది. కాబట్టి మొదటి నియమం: కట్లు పడవ అంచులకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా వేయాలి.

పైన చెప్పింది నిలకడగా ఉన్నప్పటి లెక్క. అల కొట్టినప్పుడు కుదుపుతో బలం దీనికి కొన్ని రెట్లు అవుతుంది. నేను పది రెట్లకు సిద్ధం చేసుకుంటాను, అంటే ఒక్కో కట్టుకు 260 కిలోలు. భయపడాల్సిన అంకె కాదు. 25 మిమీ పాలిస్టర్ పట్టీకి ఇది పెద్ద బరువు కాదు. పట్టీ తెగడం నేను ఎప్పుడూ చూడలేదు. బకుల్ జారడం, ప్లాస్టిక్‌లోంచి రివెట్ ఊడిరావడం మాత్రం చూశాను.

సామాను

చేతులకు 6061-టీ6 రకం అల్యూమినియం పైపు, 50 మిమీ బయటి వ్యాసం, 3 మిమీ మందం వాడాను. బాగా ఆరిన గట్టి వెదురు కూడా పనికొస్తుంది, కానీ కణుపు దగ్గర తప్ప ఎక్కడా రంధ్రం పెట్టకూడదు, చివరలను తాడుతో చుట్టాలి.

పట్టీలూ తాళ్లూ పాలిస్టర్‌వే తీసుకోండి. నైలాన్ తడిస్తే సాగుతుంది. ఒడ్డున వీణ తీగలా బిగించిన నైలాన్ పట్టీ అరగంటలో వదులవుతుంది. పాలీప్రొపిలీన్ తాడు చవక, నీళ్ల మీద తేలుతుంది, కానీ ఎండకు త్వరగా పెళుసుబారుతుంది. డైనీమా అనే కృత్రిమ నార తాడు చాలా బలమైనదే, సాగదు కూడా, అయితే నున్నగా ఉండి మామూలు ముడులు జారిపోతాయి. బంగీ తాడు, అదే రబ్బరు తాడు, సామాను పట్టుకోవడానికే. చేతిని పట్టుకోవడానికి దాన్ని నమ్మకండి.

రాచెట్ పట్టీ, అంటే పళ్ల చక్రంతో బిగించే పట్టీ గురించి ఒక మాట. దాని పిడి తిప్పుతుంటే ఎంత బిగిస్తున్నామో చేతికి తెలియదు. పాలీఎథిలీన్ మెత్తటి ప్లాస్టిక్, ఎండలో ఇంకా మెత్తబడుతుంది, కట్టు కింద హల్, అంటే పడవ ఒళ్లు, లోపలికి నొక్కుకుపోతుంది. నొక్కుకుపోయిన చోట మర్నాటికి కట్టు వదులు. పైగా ఉప్పునీటికి ఆ పళ్లు తుప్పు పడతాయి. క్యామ్ బకుల్ పట్టీ (లాగిన పట్టీని ఒక చిన్న మీట నొక్కి పట్టేది) చాలు, చేత్తో లాగినంత బిగువు సరిపోతుంది.

మొదటి మెట్టు: చెయ్యి కూర్చునే దిమ్మ

గుండ్రటి పైపును వంపు తిరిగిన హల్ మీద ఉత్తగా పెట్టి కడితే అది ఒక గీత మీదే ఆనుతుంది. అలా ఆనింది దొర్లుతుంది, జారుతుంది. అందుకే నాలుగు దిమ్మలు కావాలి, ఒక్కో చేతికి రెండు. వంటింట్లో కూరగాయలు తరిగే తెల్ల ప్లాస్టిక్ బోర్డు, అదే హెచ్‌డీపీఈ పలక, దీనికి చక్కగా సరిపోతుంది. 10 నుంచి 12 సెం.మీ. పొడవున దిమ్మ కోసి, పైభాగంలో పైపు మూడో వంతు దిగేలా గాడి తీయండి. అడుగు భాగాన్ని హల్ వంపుకు తగ్గట్టు ఆకురాయితో అరగదీయండి. వంపు సరిగా రావాలంటే హల్ మీద ఇసుక కాగితాన్ని గరుకు వైపు పైకి ఉండేలా అంటించి, దిమ్మను దాని మీదే ముందుకీ వెనక్కీ రుద్దండి. ఓపిక కావాలి, కానీ రెండు ఉపరితలాలూ ఒకదానికొకటి అతికినట్టు కూర్చుంటాయి. దిమ్మకూ హల్‌కూ మధ్య 2 మిమీ నియోప్రీన్ రబ్బరు ముక్క వేస్తే పట్టు బాగుంటుంది. మందపాటి స్పాంజి వేయకండి. స్పాంజి నలిగిన ప్రతిసారీ కట్టు వదులవుతుంది.

రెండో మెట్టు: పడవకు కట్టడం

మూడు దారులున్నాయి. నాకు నచ్చిన వరసలో చెబుతాను.

అన్నిటికన్నా సులువు, రంధ్రం అవసరం లేనిది: పట్టీని పడవ అడుగు నుంచి చుట్టూ తిప్పి కట్టడం. కొంచెం నీటి ఒరిపిడి పెరుగుతుంది. పడవ ముక్కు వైపుకూ వెనక వైపుకూ సన్నబడుతుంది కాబట్టి పట్టీ సన్నటి వైపుకు జారి వదులయ్యే ప్రమాదం ఉంది. ముందు చేతి పట్టీని వెనక చేతి పట్టీతో రెండు పక్కలా ఒక తాడు వేసి కలిపేయండి. అప్పుడు ఒకటి ముందుకు జారకుండా రెండోది ఆపుతుంది.

రెండోది నీళ్లు కారిపోయే స్కప్పర్ రంధ్రాల గుండా పట్టీ వేయడం. రంధ్రం కింద ఒక గట్టి ప్లాస్టిక్ కడ్డీ అడ్డంగా పెట్టి దానికి పట్టీ తగిలించాలి. బరువు రంధ్రం అంచు మీద ఒకేచోట పడకుండా వెడల్పాటి వాషర్ లాంటి పలక వేయండి. ఆ రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ పగుళ్లు రావడం కయాక్ వాళ్లకు తెలిసిన సమస్యే.

మూడోది బోల్టులు. రివెట్‌ను పక్కకు లాగితే ఓర్చుకుంటుంది, నిట్టనిలువుగా పీకితే ఓర్చుకోదు. మన లెక్క ప్రకారం చెయ్యి లాగేది నిట్టనిలువుగానే. కాబట్టి చేతుల దగ్గర రివెట్లు వద్దు. హల్ లోపలికి చెయ్యి దూరే చోటైతేనే 6 మిమీ స్టెయిన్‌లెస్ బోల్టు వేసి, లోపల అరచెయ్యంత పలక పెట్టి, నైలాక్ నట్టుతో (లోపల నైలాన్ రింగు ఉండి వదులు కాని నట్టు) బిగించండి. రంధ్రానికి సిలికాన్ పూస్తే లాభం లేదు, పాలీఎథిలీన్‌కు అది అంటదు. బ్యూటిల్ టేప్ (అంటుకునే రబ్బరు టేపు) వాడండి.

ఏ దారైనా, చేతిని దిమ్మకు కట్టే అసలు కట్టు తాడుతో వేస్తే నాకు తృప్తి. 5 మిమీ పాలిస్టర్ తాడు తీసుకోండి. పైపు మీదుగా, కింద లంగరు కన్నం (పడవకు తాడు తగిలించే కన్నం) గుండా ఐదు చుట్లు వేయండి, ప్రతి చుట్టూ లాగి బిగిస్తూ. ఆ తర్వాత మిగిలిన తాడును పైపుకూ కన్నానికీ మధ్య నిలువుగా కనిపించే ఆ చుట్లన్నిటి నడుం చుట్టూ అడ్డంగా మూడుసార్లు తిప్పి లాగండి. నిలువు చుట్లు ఒకదానికొకటి దగ్గరికి నొక్కుకుని కట్టు ఒక్కసారిగా గట్టిపడటం చేతికి తెలుస్తుంది. కట్టులో బలం చాలావరకు ఈ అడ్డ చుట్ల నుంచే వస్తుంది. చివర రెండు సగం ముడులు, ఆ తర్వాత కనీసం ఐదు సెం.మీ. కొస.

హవాయి కనూ క్లబ్బుల్లో ఇప్పుడు చాలామంది తాడు బదులు టైరు ట్యూబును పట్టీలుగా కోసి ఈ కట్లు వేస్తున్నారు. చెక్క చేతులకు రబ్బరు చక్కగా పట్టు ఇస్తుంది. అల్యూమినియం పైపు మీద నేను తాడునే ఎక్కువ నమ్ముతాను, కింద ఒక పొర రబ్బరు చుట్టి.

తాడు కట్టే మొదటి పట్టు. పట్టీ, క్యామ్ బకుల్ రెండో పట్టు. రెండింటికీ లంగరు వేరువేరుగా ఉండాలి. బకుల్ వెనక పట్టీ కొసతో ఒక సగం ముడి వేయడం మరచిపోకండి. క్యామ్ జారినా ముడి ఆపుతుంది.

మూడో మెట్టు: జారే పైపుల అతుకు

కారు మీద పెట్టుకోవాలంటే చేతులు విడిపోవాలి, అంటే పైపులో పైపు దూరే అతుకు తప్పదు. నా ఫ్లోటు ఊడింది ఇక్కడే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

లోపలి పైపు ఎంత లోతుకు దూరాలి? పైపుల మధ్య అర మిల్లీమీటరు ఖాళీ ఉందనుకుందాం. 5 సెం.మీ. మాత్రమే లోపలికి దూరితే, మీటరు దూరంలో ఉన్న చివర 10 మిమీ ఊగుతుంది. 20 సెం.మీ. దూరితే అదే చివర 2.5 మిమీ. ఊగే అతుకు ప్రతి అలకూ సుత్తి దెబ్బ కొడుతుంది. కాబట్టి 50 మిమీ పైపుకు 20 సెం.మీ. తక్కువ కాకుండా దూర్చండి. మిగిలిన ఖాళీని పాల డబ్బా ప్లాస్టిక్ ముక్కతోనో రెండు చుట్ల టేపుతోనో నింపండి. చెయ్యి వంగితే ఫర్వాలేదు, అతుకులో ఆట మాత్రం ఉండకూడదు.

పిన్ను రంధ్రం ఎక్కడ పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. చెయ్యి పైకీ కిందకీ వంగుతుంది కాబట్టి పైపు పై గీత, కింది గీతల మీదే ఒత్తిడి ఎక్కువ. అక్కడ రంధ్రం పెడితే చీలిక అక్కడి నుంచే మొదలవుతుంది. రంధ్రం పడవ ముక్కు వైపు, వెనక వైపు తిరిగి ఉన్న పక్కల్లో పెట్టండి. సాకెట్ నోటి దగ్గర కాకుండా లోపలికి, పైపు లోపలి కొసకు దగ్గరగా పెట్టండి. వంపు బలం నోటి దగ్గర ఎక్కువ, లోపలి కొసకు వచ్చేసరికి దాదాపు ఉండదు.

స్ప్రింగ్ బటన్ ఉంటే ఉండనివ్వండి, పైపు సరైన చోటికి చేరిందని చెప్పడానికి పనికొస్తుంది. పట్టు మాత్రం 6 మిమీ స్టెయిన్‌లెస్ పిన్నుది, ఆ పిన్నుకు రింగు, రింగు మీద ఒక చుట్టు ఎలక్ట్రికల్ టేపు. టేపు లేకపోతే తాడు తగులుకుని రింగును లాగేస్తుంది. ఇక రెండో పట్టు: చేతి బయటి కొస నుంచి పడవ అంచుకు, చేతి పొడవునా 4 మిమీ తాడు. దాన్ని లారీ వాళ్లు టార్పాలిన్ బిగించే ముడితో లాగి కట్టండి. పిన్ను విరిగినా పైపు ఒక్క సెంటీమీటరు కూడా బయటికి రాదు.

మీ చేతులు కిందికి వంపు తిరిగినవైతే అవి సాకెట్‌లో గుండ్రంగా తిరగకుండా కూడా ఈ పిన్నే ఆపాలి. కాబట్టి పిన్ను రంధ్రం వదులుగా ఉండకూడదు.

నాలుగో మెట్టు: ఫ్లోటు కొస, ఏటవాలు తాడు

ఫ్లోటు దగ్గర అతుక్కి కూడా అదే పద్ధతి: దిమ్మ, తాడు కట్టు, పక్కన పట్టీ. ఇక్కడ బలం తక్కువ, పని త్వరగా అయిపోతుంది.

మరచిపోయేది మాత్రం వెనక్కి లాగే బలం. ఫ్లోటు ముక్కు అలలోకి దూరినప్పుడు నీళ్లు దాన్ని వెనక్కి నెడతాయి. రెండు చేతులూ, పడవా, ఫ్లోటూ కలిసి నాలుగు కర్రల చట్రం లాంటివి. ఏటవాలు కర్ర లేని చట్రం పక్కకు ఒరిగిపోతుంది. తలుపు చట్రానికి వడ్రంగి ఏటవాలు పట్టీ కొట్టేది ఇందుకే. ముందు చేతి బయటి కొస నుంచి పడవ ముక్కుకు, మన పల్లెకారులు అణియం అనే చోటికి, ఒక పాలిస్టర్ తాడు ఏటవాలుగా లాగి కట్టండి. రెండు పక్కలా. తాడుకూ చేతికీ మధ్య కోణం 30 డిగ్రీలకు తగ్గితే పెద్దగా లాభం ఉండదు.

ఐదో మెట్టు: కొలిచి, ఆ తర్వాతే పూర్తిగా బిగించడం

కట్లన్నీ సగం బిగువులో ఉండగానే కొలవాలి. రెండు ఫ్లోట్ల ముక్కుల మధ్య దూరం, వెనక కొసల మధ్య దూరం సమానంగా ఉన్నాయా? పడవ ముక్కు నుంచి ఎడమ చేతి కొసకూ, కుడి చేతి కొసకూ దూరం సమానమేనా? టేపు లేకపోతే సాగని తాడు ఒకటి చాలు. ఫ్లోట్లు పడవతో సమాంతరంగా లేకపోతే నీళ్లు వాటిని రోజంతా పక్కకు తోస్తూ కట్లను వదులు చేస్తాయి.

ఎత్తు మాత్రం నీళ్లలోనే చూడాలి, మీరు కూర్చుని, మీ సామాను పెట్టుకుని. పడవ నిటారుగా ఉన్నప్పుడు రెండు ఫ్లోట్ల అడుగులూ నీటికి 3 నుంచి 5 సెం.మీ. పైన ఉండాలి. రెండూ ఒకేసారి నీళ్లు తాకితే చేతుల మీద అనవసరపు కుదుపు పడుతుంది. ఎత్తు తగ్గించాలన్నా పెంచాలన్నా దిమ్మ కింద పలకలు తీయడం, వేయడం చేయండి.

ముందుగా తెగేది ఏదో మీరే నిర్ణయించండి

గాల్వెస్టన్ బేలో ఆయిస్టర్ రీఫ్‌లు, అంటే గుల్లల దిబ్బలు చాలా ఉన్నాయి. పరుగు మీద ఫ్లోటు గట్టిగా తగిలితే ఏదో ఒకటి పోక తప్పదు. హోబీ కంపెనీ ఐలాండ్ రకం పడవల్లో చేతి బ్రేసు (ఏటవాలు ఆనిక) దగ్గర ప్లాస్టిక్ బోల్టు ఉంటుంది, పెద్ద దెబ్బ తగిలితే ముందు అదే తెగి చెయ్యిని, పడవను కాపాడుతుంది. ఆలోచన మంచిది. మన పడవలో ఏటవాలు తాడుకూ పడవ ముక్కుకూ మధ్య సన్నటి తాడుతో ఒక చిన్న ఉచ్చు వేస్తే అదే పని జరుగుతుంది. అది తెగితే ఫ్లోటు వెనక్కి జరుగుతుంది, ఊడిపోదు. అలాంటి ఉచ్చులు నాలుగు లైఫ్ జాకెట్ జేబులో ఉంచుకోండి. చేతిని దిమ్మకు పట్టే కట్టు, సాకెట్ పిన్ను మాత్రం ఎప్పుడూ ముందుగా తెగే భాగం కాకూడదు.

ఆఖరి మెట్టు: పరీక్ష

ఇండియా వెళ్లేటప్పుడు పెట్టెలు తూచే కొక్కెం స్కేలు మన ఇళ్లలో ఉంటుంది. గడ్డి మీద పడవను పెట్టి, ఒకరు కూర్చుని, ఇద్దరు హల్ ఒరగకుండా పట్టుకోగా, ఫ్లోటు నడుముకు స్కేలు తగిలించి 25 కిలోలు చూపేదాకా పైకి లాగండి. ముందు ప్రతి అతుకు మీదుగా మార్కర్‌తో ఒక గీత గీయండి, సగం పైపు మీద, సగం దిమ్మ మీద. లాగాక గీత విరిగిందా? విరిగితే అక్కడ జారింది. రెండు పక్కలా చేయండి, వెనక్కి లాగి కూడా చేయండి.

తర్వాత లైఫ్ జాకెట్ వేసుకుని నడుము లోతు నీళ్లలో, గాలి ఒడ్డు వైపు వీచే రోజున వెళ్లండి. ఇరవై నిమిషాలు తిరిగి వచ్చి గీతలు చూడండి. కొత్త కట్లు మొదటిసారి తప్పకుండా కొంచెం కూర్చుంటాయి, మళ్లీ బిగించాలి. ఒక పక్క ఫ్లోటు లేకుండా తెడ్డు వేయడం, చాప దించేయడం అక్కడే సాధన చేయండి. పట్టీ కోయడానికి కత్తి ఒంటి మీద ఉండాలి, డబ్బాలో కాదు.

ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి పైపులు విడదీయండి. స్టెయిన్‌లెస్ పిన్ను, అల్యూమినియం పైపు ఉప్పునీటిలో కలిసి ఉంటే అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడి కడుతుంది, కొన్ని వారాలకు అతుకు రాయిలా పట్టేస్తుంది. పిన్నుకు నైలాన్ వాషర్లు వేస్తే కొంత నయం. మన ఉత్తరాంధ్ర తీరంలో తెప్పను ఒడ్డుకు లాగాక తాళ్లు విప్పి దుంగల్ని ఆరబెట్టేవాళ్లు. మర్నాడు మళ్లీ కట్టేటప్పుడు ప్రతి తాడూ ఒకసారి చేతిలోంచి వెళ్లేది, అరిగింది అక్కడే దొరికేది. నేనూ తాడు కట్లను ప్రతిసారీ విప్పేస్తాను. మళ్లీ నాలుగూ కట్టడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ సమయంలోనే తాడు మీద వేలు జరుపుతూ గరుకుగా తగిలిన చోటల్లా కోసి కొత్తది వేస్తాను.